ఇమ్మానియేలు గారి ఖాళీ సమాధి

సత్తెనపల్లి దాటి లోపలికి వెళ్ళే రోడ్డులో, పత్తి చేల మధ్య ఒక ఊరూ, ఆ ఊరికి కాస్త ఎడంగా ఒక పేటా ఉన్నాయి. పేట చివర ప్రహరీ గోడ కట్టిన క్రైస్తవ సమాధుల తోట ఉంది. అందులో తూర్పు వరసలో ఒక సిమెంటు సిలువ మీద ‘ఇమ్మానియేలు, 1971’ అని ఉంటుంది. ఏటా నవంబరులో, సమాధుల పండుగ నాడు పొద్దున్నే ఆ సిలువకి సున్నం వేసే ముసలాయన పేరు కూడా ఇమ్మానియేలే. ఇద్దరూ ఒకరే.

ఇందులో దయ్యాల ప్రమేయమేమీ లేదు. డెబ్భై దాటిన ఇమ్మానియేలు ఆరోగ్యంగా ఉన్నాడు. పటాలం నుంచి తెచ్చుకున్న ఉన్ని స్వెట్టరు ఎండాకాలం తప్ప విప్పడు. పేటలో పిల్లలు అతన్ని మిలిట్రీ తాత అంటారు. తన సమాధికి తాను సున్నం వేసుకునే భాగ్యం మహారాజులకి కూడా దక్కదు. ఇతనికి యాభై ఏళ్ళకి పైగా దక్కుతూ వచ్చింది.

భార్య రెబ్కా బతికున్న రోజుల్లో ఈ పని ఇద్దరూ కలిసి చేసేవాళ్ళు. ఆమె బకెట్లో సున్నం కలిపేది, అతను కుంచె పట్టుకునేవాడు.

“మొగుడు ఎదురుగా నిలబడి ఉండగా మొగుడి సమాధికి సున్నం కలిపేది లోకం మొత్తం మీద నేనొక్కదాన్నేనయ్యా,” అనేది రెబ్కా.

“కాస్త చిక్కగా కలుపు. లోపల చలేస్తది,” అనేవాడతను.

పిల్లల్లేని ఇల్లు. ఇలాంటి మాటలతోనే నిండేది. కిందటేడు ఎండాకాలంలో రెబ్కా పోయింది. ఆమెను ఆ సిలువ పక్కనే పెట్టారు. ఎక్కడ పెట్టాలా అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మొగుడి చోటు అంత ముందుగా సిద్ధమై కూర్చున్నాక పెళ్ళాన్ని ఇంకెక్కడ పెడతారు? అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాట్లాడేది టీవీ ఒక్కటే. దాన్ని కూడా అతను వార్తలయ్యేదాకే మాట్లాడనిస్తాడు. తర్వాత మంచం మీద కూర్చుని, అవతలి మంచం మీద మడిచి పెట్టిన దుప్పటి వంక చూస్తూ అన్నం తింటాడు.

ఈ ఏడు అక్టోబరులో ప్రసన్నకుమార్ వచ్చాడు. అతను బళ్ళో పంతులు, సంఘం సెక్రటరీ. పాత సిలువలు పెచ్చులూడిపోతున్నాయనీ, పండుగ లోపల అన్నిటికీ చీమకుర్తి నల్లరాతి పలకలు వేయించాలనీ సంఘం తీర్మానించింది. ఏ పలక మీద ఏం చెక్కాలో కనుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

“తాతా, అందరివీ తేలినయి, నీదే తేలట్లేదు,” అన్నాడు గడప మీద కూర్చుంటూ. “పోయిన సంవత్సరం ఆల్రెడీ ఉంది. ఉంచమంటావా, తీసెయ్యమంటావా?”

“ఉన్నదాన్ని తీయటం దేనికిరా. మళ్ళీ వేయించటం నీకు శ్రమ.”

“అట్టా కాదు తాతా. రేపు నువ్వు నిజంగా పోయినాక తేడా వస్తదిగా.”

“వస్తే రానీ. నేనొచ్చి గొడవ చెయ్యనులే.”

ప్రసన్నకుమార్ నవ్వాడు. ఇమ్మానియేలు నవ్వలేదు. స్వెట్టరు అంచు కిందికి లాక్కున్నాడు.

“రాతి మీద చెక్కినాక మార్చటానికి కుదరదా?”

“మిషన్‌తో కోస్తారు తాతా. కుదరదు.”

“అయితే నా పేరు తీసెయ్. హయాత్ అని చెక్కించు.”

“ఆయనెవరు?”

పేటలో ఆ ప్రశ్న అడిగే వయసు వాళ్ళే దాదాపు మిగిలారు. జవాబు తెలిసిన వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ ప్రహరీ గోడ లోపలికి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళలో బాగా తెలిసినవాడు ఇమ్మానియేలే. లెక్కప్రకారం అతను కూడా వెళ్ళిపోయినవాడే.

అది 1970. గుంటూరు పోలీసు పెరేడ్ గ్రౌండులో సైన్యంలోకి కుర్రాళ్ళని తీసుకుంటున్నారని తెలిసి, పదహారేళ్ళ ఇమ్మానియేలు పత్తి తీస్తున్నవాడు తీస్తున్నట్టే చేలోంచి బయల్దేరి వెళ్ళాడు. పద్దెనిమిది నిండి ఉండాలని నిబంధన. ఆ రోజు ఆ మైదానంలో పద్దెనిమిది నిండలేదని చెప్పినవాడు ఒక్కడూ లేడు. మీసం మొలవని వాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. భారత సైన్యం ఈ వైపరీత్యాన్ని పెద్దమనసుతో చూసీ చూడనట్టు ఊరుకుంది.

వరసలో అతని ముందు నిలబడ్డ కుర్రాడే హయాత్. దర్శి బస్టాండు పక్కన టీ హోటల్లో గ్లాసులు కడుగుతూ పెరిగాడు. అమ్మా నాన్నా ఎవరో ఎరగడు. పేరు హోటలు సాయిబు పెట్టింది. వయసు కూడా సాయిబు చెప్పిందే కాబట్టి, అందులో రెండేళ్ళు కలుపుకోవడం హయాత్‌కి అబద్ధమనిపించలేదు. టీ హోటల్లో కూర్చున్నవాళ్ళు దేశంలో అన్ని సంగతులూ మాట్లాడుకుంటారు గనక అతనికి తెలియని విషయం లేదు.

“ఏరా, నీ బరువు చాలదు,” అన్నాడు వెనక్కి తిరిగి. “అరటిపళ్ళు తిను. తిని నీళ్ళు తాగు.”

ఇమ్మానియేలు గోడ పక్కన కూర్చుని ఒక అత్తం పళ్ళు మొత్తం తిన్నాడు. త్రాసు మీద నెగ్గాడు. ఆ తర్వాత ఛాతీ కొలిచేవాడు టేపు చుట్టి గట్టిగా ఊపిరి పీల్చమన్నాడు.

“నెమ్మదిగా పీల్చు,” అన్నాడు హయాత్ పక్కనుంచి. “లేకపోతే ఒక పండు సార్ బూట్ల మీద పడ్తది.”

ఇద్దరూ నెగ్గారు. చివర బల్ల దగ్గర గుమాస్తా, నీకేమన్నా అయితే కబురు ఎవరికి పంపాలి అని హయాత్‌ని అడిగాడు. ఎవరూ లేరన్నాడు హయాత్. ఎవరూ లేకపోవడానికి వీల్లేదనీ, ఆ గడి ఖాళీగా ఉంచకూడదనీ గుమాస్తా విసుక్కున్నాడు. సర్కారు మనిషిని అనాథగా ఉండనిస్తుంది కానీ గడిని ఖాళీగా ఉండనివ్వదు.

“మా అమ్మ పేరు రాయండి సార్,” అన్నాడు వెనక నిలబడ్డ ఇమ్మానియేలు. “ఏస్తేరమ్మ.”

“అతనికి ఏమవుద్ది?”

ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. “తల్లి,” అన్నాడు హయాత్.

వెనక వరస చాలా పొడుగ్గా ఉంది. గుమాస్తా రాసేశాడు. ఆ విధంగా పత్తి కూలి చేసుకునే ఏస్తేరమ్మకి, ఆమెకి తెలియకుండానే, కేంద్ర ప్రభుత్వం రెండో కొడుకుని మంజూరు చేసింది.

బెంగుళూరులో ట్రైనింగు మధ్యలో సెలవిస్తే ఇద్దరూ పేటకి వచ్చారు. హయాత్ గోంగూర పచ్చడితో గిన్నెడన్నం తిని, తన కంచంతో పాటు ఏస్తేరమ్మ కంచం కూడా తీసుకెళ్ళి కడిగాడు. చేతికి అలవాటైన పని. మగపిల్లాడు తన ఎంగిలి కంచం కడగటం ఆమె చూసింది అదే మొదలు.

“ఎవరి బిడ్డవయ్యా నువ్వు?” అంది.

“నీ బిడ్డనేనమ్మా. మిలిట్రీవాళ్ళు రాసుకున్నారు.”

ఆమె జరిగింది మొత్తం వింది. “వాళ్ళెవరు రాసుకోటానికి. ఇట్టా వచ్చి కూచో,” అని హయాత్‌ని ముందు కూర్చోబెట్టుకుని తలకి ఆముదం పెట్టింది. అతను ఆ పూట ఒక్క మాట కూడా మాట్లాడలేదు. టీ హోటల్లో పెరిగినవాడు అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఇమ్మానియేలు మళ్ళీ చూడలేదు.

1971 డిసెంబరులో యుద్ధం వచ్చింది. వీళ్ళది నదుల మీద వంతెనలు వేసే దళం. తూర్పు సరిహద్దులో ఒక ఏటి ఒడ్డున, చలికి కొంకర్లు పోయే చేతులతో చెక్కలు మోశారు, మోకులు లాగారు, వాళ్ళు వేసిన వంతెన మీద మిగతా వాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. ఇమ్మానియేలు ఒక్క తూటా కూడా మనిషి మీదకి పేల్చలేదు. ఈ సంగతి అతను పంద్రాగస్టు నాడు బడిపిల్లలకి ఏటా చెప్తాడు. వాళ్ళు ఏటా నమ్మరు.

యుద్ధం ముగిసిందని తెలిసిన మర్నాడు, వంటగిన్నెలు తోమడానికి నీళ్ళు తేవలసిన వంతు హయాత్‌ది. ఏటి ఒడ్డున ఎవరో ఎప్పుడో పాతిన మందుపాతర ఉంది. యుద్ధం అయిపోయిందన్న కబురు దానికి అందలేదు. వంతు మారలేదు, ఎవరూ ఎవరినీ పంపలేదు, ఇందులో ఇమ్మానియేలు తప్పు ఏమీ లేదు. తప్పన్నా ఉంటే మనసు పట్టుకోడానికి ఏదో ఒకటి ఉండేది. దగ్గర పల్లె నుంచి మౌల్వీ గారిని పిలిచి హయాత్‌ని ఆ ఒడ్డునే ఖననం చేశారు. ఇమ్మానియేలు కూడా మట్టి వేశాడు. అతనికి అప్పటికి పదిహేడు.

టెలిగ్రాం ఏస్తేరమ్మకి వచ్చింది. పేటలో ఇంగ్లీషు తెలిసినవాడు గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి ఒక్కడే. ఆయనకి వచ్చిన ఇంగ్లీషు మాటలు కొద్ది. ‘నీ కొడుకు’ అన్నదీ, ‘చనిపోయాడు’ అన్నదీ ఆ కొద్దిలో ఉన్నాయి. వాటిని కూడబలుక్కుని చదివేసరికి ఏడుపులు మొదలయ్యాయి. మిగతావి చదివే అవసరం రాలేదు. సైన్యంలో ఉన్న ఆమె కొడుకు ఎవరో పేట మొత్తానికీ తెలుసు మరి.

శవం రాదన్నారు. సమాధి లేకపోతే పండుగ నాడు ఆ తల్లి ఎక్కడ కొవ్వొత్తి పెట్టుకుంటుందని పెద్దలు ఆలోచించి, ఖాళీ చోట ఒక సిలువ పోయించి పేరు రాయించారు. దయగల పనే. తొందరపడి చేసిన దయ.

ఫిబ్రవరిలో ఇమ్మానియేలు సెలవు మీద బస్సు దిగి, మిరప కళ్ళంలోకి నడిచి వచ్చాడు. పట్టా మీద కూర్చుని తాలు కాయలు ఏరుతున్న ఏస్తేరమ్మ తలెత్తి చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఒకామె పరిగెత్తి వెళ్ళి గడ్డివాము చాటున నక్కింది. ఏస్తేరమ్మ కేక వెయ్యలేదు, లేచి రాలేదు. కొడుకుని కింద నుంచి పై దాకా చూసుకుంది.

“అయితే ఆ పిల్లాడా,” అంది.

కారం చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ మంట వల్ల ఎంత ఏడ్చిందో, ఆ పిల్లాడి కోసం ఎంత ఏడ్చిందో ఎవరూ తేల్చలేకపోయారు.

సిలువ తీసేద్దామన్నారు పెద్దలు. ఆమె ఒప్పుకోలేదు. “తీస్తే వాడికి ఈ భూమ్మీద ఎక్కడా ఏమీ ఉండదు. పేరు మార్చండి,” అంది. సిలువ మీద సాయిబుల పేరు రాయవచ్చునో లేదో పైవాళ్ళని అడిగి చెప్తానన్నాడు ఉపదేశి. ఆయన చనిపోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. ఏస్తేరమ్మ బతికున్నన్నాళ్ళూ బతికున్న కొడుకు పేరు ముందు కొవ్వొత్తి పెట్టి రెండో కొడుకు కోసం ఏడ్చింది. పోయే ముందు కూడా పేరు మార్చమనే అంది. ఇమ్మానియేలు పటాలం నుంచి పింఛను మీద వచ్చి, సత్తెనపల్లిలో మిరపకాయల కోల్డ్ స్టోరేజికి వాచ్‌మన్‌గా చేరి, సంఘం మారినప్పుడల్లా అడిగాడు. ప్రతి సంఘమూ వచ్చే ఏడు చూద్దామంది.

వచ్చే ఏడు ఇప్పటికి వచ్చింది, నల్లరాయి రూపంలో. దాని మీద ఏ పేరు పడితే అదే ఇక మిగిలేది.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి వరండాలో సంఘం కూర్చుంది. సంఘ పెద్ద మార్క్ ఇమ్మానియేలుతో ఒకే బళ్ళో చదివినవాడు.

“ఒరేయ్ ఇమ్మానేలూ, నువ్వడిగేది చిన్న సంగతే,” అన్నాడు మార్క్. “కానీ రెండు పేర్లు కుదరవు, ఒక పలకకి ఒక పేరని మనమే రాసుకున్నాం. నువ్వు కూడా చెయ్యెత్తావ్.”

నిజమే ఎత్తాడు. ఒకాయన తన తండ్రి పలక మీద తన ఫోను నంబరు కూడా వేయించమని పట్టుపట్టడంతో సంఘం ఆ కఠిన నిర్ణయం తీసుకోవలసి వచ్చింది.

“ఒకే పేరు పెట్టండి. హయాత్‌ది పెట్టండి.”

“పెడితే ఆ చోటు అతనిదైపోద్ది. రేపు నిన్నేడ పెట్టాలి? రెబ్కాకి అవతల పక్క మా మేనత్త ఉంది.”

ఆ మేనత్త బతికున్నంత కాలం పంపు దగ్గర రెబ్కాతో పోట్లాడిన మనిషి. ఇప్పుడైనా పక్కకి జరుగుతుందన్న ఆశ ఎవరికీ లేదు.

“ఇంకేడ ఖాళీ ఉంది?” అన్నాడు ఇమ్మానియేలు.

“పడమటి గోడ మూల. సర్కారు తుమ్మ పెరిగిందే, అక్కడ.” మార్క్ గొంతు తగ్గించాడు. “ఆలోచించుకోరా. యాభై ఏళ్ళ కిందట పోయినోడు వచ్చి అడగడు. రెబ్కా అడుగుద్ది.”

“రెబ్కాకి తెలుసు.”

“తెలిస్తే మాత్రం?”

“తెలిసే సున్నం కలిపింది.”

మార్క్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “సరే. మరి సాయిబుల వైపు నుంచి మాట రాకుండా చూసుకో. ఇంకోటి. ఇది మన సంఘం కుటుంబాల తోట. అతను ఎవరి తాలూకని రాయాలి?”

ఇమ్మానియేలు లేచి వరండా దిగాడు. ఇంటికి పోయి, టీవీ పెట్టకుండా, అవతలి మంచం మీద దుప్పటి విప్పి మళ్ళీ మడిచి పెట్టాడు. మడతలు రెబ్కా వేసినట్టు రాలేదు. ఆమె పక్కన పడుకునే చోటు ఒక్కటే అతనికి ఈ లోకంలో మిగిలిన ఆస్తి. దాన్ని రాసివ్వబోతున్నాడు.

మర్నాడు బస్సెక్కి సత్తెనపల్లి వెళ్ళాడు. కోల్డ్ స్టోరేజిలో అతను కాపలా కాసిన రోజుల్లో మిరపకాయల టిక్కీ బస్తాలు మోసిన ముఠాకి మేస్త్రీ ఖాదర్ వలి. ఇప్పుడు పని మానేసి మసీదు కమిటీలో ఉన్నాడు. జీవితమంతా ఘాటు పీల్చినందువల్ల మాట మాటకీ దగ్గుతాడు. టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని మొత్తం విన్నాడు.

“అక్కడ మౌల్వీ గారు ఉన్నారన్నావు. నువ్వూ మట్టి వేశానన్నావు. అంటే అతనికి జరగాల్సింది జరిగిపోయింది,” అన్నాడు. “ఇది అతని కోసం కాదు. మీ అమ్మ కోసం.”

“మీవాళ్ళు ఏమన్నా అంటారా వలీ?”

“సిలువ మీద రాస్తే నేనే అంటా. పలక అంటున్నావుగా. ఉత్త రాయి. సిలువ గుర్తు చెక్కించకు, అంతే.” దగ్గాడు. “మాలో ఫలానా వాళ్ళ కొడుకు అని రాస్తారు. తండ్రి పేరేంటి?”

ఇమ్మానియేలు టీకొట్టు పిల్లవైపు చూశాడు. ఆ పిల్ల బకెట్లో గ్లాసులు ముంచి తీస్తోంది.

“తెలియదు.”

“పోనీ, తల్లి?”

“ఏస్తేరమ్మ,” అన్నాడు.

ఖాదర్ వలి టీ పూర్తిగా తాగి గ్లాసు బోర్లించాడు. “అదే రాయించు,” అన్నాడు.

ప్రసన్నకుమార్ రాసుకొచ్చిన మాటల్ని మార్క్ సంఘం ముందు పైకి చదివాడు. ‘హయాత్. ఏస్తేరమ్మ కొడుకు. 1971.’ చదివి మళ్ళీ చదివాడు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఏస్తేరమ్మ వాకిట్లో అతను కూడా పచ్చడి మెతుకులు తిన్నవాడే. ఎవరి తాలూకని ఇక అడగలేదు.

“పడమటి మూల నీ పేరు రాసుకోమంటావా?” అన్నాడు.

“రాసుకో. సంవత్సరం మాత్రం ఈసారి తొందరపడి వెయ్యబాకండి.”

పండుగ నాటి పొద్దున తోట కళకళలాడింది. గుంటూరు నుంచి, నరసరావుపేట నుంచి కార్లలో వచ్చినవాళ్ళు బంతిపూల దండలు పరిచారు. పిల్లలు పలకల మీద తమ మొహాలు చూసుకున్నారు. చీమకుర్తి రాయి అంత నున్నగా ఉంటుంది. అలవాటు కొద్దీ ఇమ్మానియేలు బకెట్ నిండా సున్నం కలుపుకొచ్చాడు. నల్లరాతికి సున్నం అక్కర్లేదన్న సంగతి తోటలోకి వచ్చాక తట్టింది. తల్లి ముందొకటి, హయాత్ ముందొకటి, రెబ్కా ముందొకటి కొవ్వొత్తులు పెట్టాడు. కొన్నవి మాత్రం ఎప్పటి అలవాటు ప్రకారం, తన పేరు ముందు పెట్టేది కలుపుకుని, ఇంకొకటి ఎక్కువ. అది ఎవరికీ పెట్టలేక స్వెట్టరు జేబులో వేసుకున్నాడు.

హయాత్ పలక ముందు నిలబడి పేరు చదివాడు. తన పేరు లేని ఆ చోటు ముందు ఏం చెయ్యాలో తెలియలేదు. యాభై ఏళ్ళుగా ఏం చెయ్యాలో బాగా తెలిసిన చోటు అది. రెబ్కా దగ్గరికి వచ్చి, మేనత్త వినకుండా అన్నట్టు వంగి, “చిక్కగా కలిపా ఈసారి. దండగైంది,” అన్నాడు.

ఆ తర్వాత బకెట్ తీసుకుని, పూల మధ్యనుంచి, మనుషుల మధ్యనుంచి, పడమటి మూలకి నడిచాడు. అక్కడ ఎవరూ లేరు. గోడకి ఒక మనిషి పడుకునేంత పొడవున నెమ్మదిగా సున్నం వేశాడు. వేసి, గోడకి వీపు తగలకుండా కింద కూర్చుని తూర్పు వరసలో రెబ్కా వైపు చూశాడు. మెడ ఇటు వంచాడు, అటు వంచాడు. ప్రసన్నకుమార్ వెతుక్కుంటూ వచ్చాడు.

“ఏంటి తాతా ఒక్కడివే ఇక్కడ? ప్రార్థన మొదలుపెడతన్నారు.”

“వస్తన్నా. ఈ తుమ్మ కొట్టించరా. ఇక్కడ్నుంచి అటు ఏమీ కనపడట్లేదు.”

“కనపడాల్సింది ఎవరికి తాతా?”

ఇమ్మానియేలు చేతికంటిన సున్నం పంచెకి తుడుచుకుంటూ లేచాడు.

“ముందు కొట్టించు,” అన్నాడు.